తలుపు దగ్గర మనవి

1

మనవుల వరస చూసే మా వరసగదిలో పనిచేసేవాళ్ళు రోజూ ఏదో ఒకటి రాయాలని నియమం. ఇన్నాళ్ళూ "విశేషాలేవీ లేవు" అని రాసి చేతులు దులుపుకున్నాను. ఇవాళ అలా రాయలేను.

పొద్దున డ్యూటీకి వెళుతూ చూస్తే మా చెల్లెలు తాయారు గుమ్మం ముందు నాలుగు బళ్ళు వరసగా నిలబడి ఉన్నాయి. ముందు టిఫిన్ బండి, దాని వెనక ఉతికిన బట్టల బండి, ఆ వెనక మందుల బండి, చిట్టచివర నేల తుడిచే బండి. నాలుగూ పచ్చదీపం ఆర్పుతూ వెలిగిస్తూ తలుపు వంకే చూస్తున్నాయి. బళ్ళకి కళ్ళుండవని నాకు తెలుసు. అయినా చూస్తున్నట్టే ఉంది. టిఫిన్ బండిలో నిన్నటి ఉప్మా ఎండిపోయి పెచ్చులు కట్టింది.

"తాయారు అందుకుంటే గానీ మేం కదలం" అని వాటి పంతం. తాయారు "అందుకున్నాను" అని నిన్నే చెప్పింది. ఆ మాట ఊరికి చేరలేదు.

లోపలికి వెళ్ళాను. చీకట్లో మంచం మీద కూర్చుని ఉంది. నేను అడుగుపెట్టగానే నా కోసం దీపం వెలిగింది. దాని కోసం వెలగదు.

"కుళాయి విప్పక్కా. గొంతు ఎండిపోతంది" అంది.

"నీళ్ళు" అన్నాను. కుళాయి పారింది. గటగటా తాగి, మూతి తుడుచుకుని, "నేను అడిగితే ఏవంటదో తెలుసా? 'మీ ముందు మనవి నడుస్తోంది, దయచేసి ఆగండి' అంటది. ఎంత మర్యాదో దానికి!" అంది.

మునకపట్నంలో ఊరు అంటే మనుషులు కాదు. గాలి పంచేదీ, తలుపులు తీసేదీ, దీపం వెలిగించేదీ ఊరు. పైనంతా సముద్రం కాబట్టి దాన్ని అడగకుండా ఏదీ జరగదు. తాయారు మొగుడు గవర్రాజు మొన్న నాచు చేలకి కోతకని వెళ్ళాడు. కింది ప్రవాహం హఠాత్తుగా ఎదురు తిరిగింది. మిగతా కోతగాళ్ళందరూ తిరిగొచ్చారు, అతను రాలేదు. ఇది భయపడి ఊరిని అడిగింది. ఆ అడగడంతోనే ఇదంతా మొదలైంది.

2

మా గదిలో గోడంతా గీతలే. ఒక్కో మనిషికి ఒక్కో సెషన్, ఒక్కో సెషన్‌కి ఒక్కో గీత. మనిషి ఏదైనా అడిగితే గీత మీద చుక్క వెలిగి ఆరిపోతుంది. చుక్క వెలిగి ఉన్నంతసేపూ ఆ సెషన్‌కి తాళం పడి ఉంటుంది. ఆ మనిషి ఇంకేం అడిగినా వెనక నిలబడాల్సిందే. తాళం పడడం, తీయడం రెప్పపాటులో అయిపోతాయి కాబట్టి ఎవరికీ తెలియదు. తాయారు గీత మీద చుక్క మాత్రం మొన్నటి నుంచీ ఆరలేదు. దాని వెనక ఆగిపోయిన మనవులు చీమల బారులా పేరుకున్నాయి.

మా గది పెద్ద జోగారావు గారు కళ్ళజోడు పైకి తోసుకుని చాలాసేపు చూశారు.

"చేతి మనవి పెట్టారండి మీ చెల్లెలు గారు" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకీ నేను గొంతు చించుకుని చెప్పేది ఇదే. మనవులు రెండు రకాలు. ఊరికే చూసి చెప్పమంటే చూపు మనవి. దానికి తాళం అక్కర్లేదు, పక్కన నడుస్తూ ఉంటుంది. ఏదైనా మార్చమంటే, తెరవమంటే, తెమ్మంటే చేతి మనవి. అది తాళం వేసుకుంటుంది. ఎక్కువసేపు పట్టే పని ఏదైనా సరే, ముందు చూపు మనవే పెట్టాలి. నా చెల్లెలికి నేనే నేర్పాను ఈ మాట, అన్నం ముద్దలు కలిపి పెడుతూ.

"ఏవని అడిగిందండీ?"

ఆయన వినిపించారు. తాయారు గొంతు, రొప్పుతూ: "మా ఆయన ఎక్కడున్నారో వెతికి తీసుకురా."

వెతకడం చూపు. తీసుకురావడం చెయ్యి. "వెతుకు" అని ఊరుకుని ఉంటే సరిపోయేది. "తీసుకురా" అన్న ఒక్కమాటకి ఊరు దాని సెషన్‌ని గుప్పిట్లో బిగించుకుని కూర్చుంది. నా కోపం అక్కడే దిగిపోయింది. మొగుడు కనపడకపోతే ఏ ఆడది "వెతికి చూసి ఊరుకో" అంటుంది? నేనైనా అదే అడిగేదాన్ని.

"రద్దు చేయమంటే?" అన్నాను.

జోగారావు గారు వరస చివర చూపించారు. తాయారు పెట్టిన రద్దు మనవి అక్కడే ఉంది. నేల తుడిచే బండికి వెనకాల, తన వంతు కోసం బుద్ధిగా నిలబడి ఉంది. మొదటి పనిని ఆపమని అడగడానికి కూడా ఆ మొదటి పని అయ్యేదాకా ఆగాలి.

"నెలాఖరు ఊడ్పు వస్తోందండి రత్నం గారూ" అన్నారు ఆయన మెల్లిగా. ఆ మాట ఆయన చెప్పక్కర్లేదు. ఊడ్పు అంటే ఇరుక్కుపోయిన సెషన్లన్నీ ఊరు తుడిచిపారేయడం. ఊడ్పు లోపు ఆ చుక్క ఆరకపోతే తాయారు పేరు ఊళ్ళో ఉండదు. పేరు లేకపోతే గాలిలో వాటా ఉండదు.

3

పేరు పోయిన మనిషి ఒకడు మాకు తెలుసు. వరహాలు అని, ఒకప్పుడు నాచు ఆరబెట్టే పనిలో ఉండేవాడు. ఇవాళ మధ్యాహ్నం లిఫ్టు దగ్గర నా వెనకాల వచ్చి నిలబడ్డాడు. ఎవరైనా వెళుతుంటే వాళ్ళ వెనకే దూరాలి, లేకపోతే అతనికి తలుపు తెరుచుకోదు. నేను ఎక్కాను, అతనూ ఎక్కాడు. లిఫ్టు "ఒకరు ఉన్నారు" అంది.

"మీ చెల్లి గారిని ఊడ్చేత్తారంటగా?" అన్నాడు.

"నోరు మూసుకోవయ్యా" అన్నాను. పాపం, అతని తప్పేముంది? వెంటనే, "తిన్నావా?" అని అడిగాను.

"తిన్నానండి. మా అన్నయ్య పళ్ళెంలో తింటన్నాను. మా అన్నయ్య గాలే పీలుత్తన్నాను. ఇద్దరికీ సరిపోక ఆడికి దగ్గు పట్టుకుంది." మళ్ళీ అతనే అన్నాడు. "బళ్ళు నిలబడ్డాయా అండి, గుమ్మం కాడ?"

"నిలబడ్డాయి."

"అయి ఉన్నంతసేపూ పర్లేదండి. నాకూ నిలబడ్డాయి. చిరాకేసేది, తన్నేవోణ్ణి. ఓ రోజు లేచి చూత్తే ఒక్కటీ లేదు. అన్నీ ఎలిపోయాయి. అప్పుడేసిందండి భయం."

లిఫ్టు దిగాక అతను ఎటు వెళ్ళాడో చూడలేదు. నేరుగా తాయారు ఇంటికి వెళ్ళాను. బళ్ళు ఆరు అయ్యాయి. వాటిని చూడగానే నాకు హాయిగా ఊపిరి ఆడింది. అలా ఆడినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

4

వెతకడానికి వెళ్ళినవాళ్ళు చేలన్నీ జల్లెడ పట్టి ఒట్టి చేతులతో వచ్చారు. గవర్రాజు కొడవలి ఒకటి దొరికిందట. ఊరిని అడిగితే "గవర్రాజు గారు బయట ఉన్నారు" అంటుంది. ఎక్కడా అంటే "ఆ వివరం వారి సెషన్‌లో ఉంది, దయచేసి ఆగండి" అంటుంది.

ఆ సంగతి వినగానే తాయారు మంచం మీంచి లేచింది.

"సెషన్ ఉందా? ఇంకా ఉందా? అయితే బతికే ఉన్నారక్కా! తాకేవాళ్ళు లేకపోతే సెషన్ పూట కూడా నిలవదని నువ్వే కదా చెప్పేదానివి!"

నిజమే, చెప్పేదాన్ని. ఎవరూ తాకని, ఏమీ అడగని సెషన్ పూట గడవకముందే ఆరిపోతుంది. గవర్రాజు గీత ఆరలేదు. అంటే ఏదో తాకుతోంది. కానీ తొడుక్కుని వెళ్ళిన నీటి తొడుగులో గాలి అరపూటకే వస్తుంది. అతను వెళ్ళి ఎన్ని పూటలైందో నాకూ తెలుసు, దానికీ తెలుసు. దాని మొహంలో ఆ ఆశ చూసి ఆ లెక్క చెప్పకుండానే బయటికి వచ్చేశాను.

వరసగదికి వచ్చి జోగారావు గారితో, "గవర్రాజు ఏం అడిగాడో చూడాలండి" అన్నాను. ఒకరి మనవి ఇంకొకరు చూడకూడదు. అయినా ఆయన తన తాళంచెవి ఇచ్చారు.

గవర్రాజు గీత మీదా చుక్క వెలుగుతోంది. దానికీ తాళం పడి ఉంది. మనవి ఇదీ: "పాత తలుపు దగ్గర ఉన్నాను. లోపలికి రానివ్వు." దాని కింద ఊరి మాట: "ఇంటి మనిషి పిలుపు కోసం ఆగుతున్నాను."

ఈ పిలుపు సంగతి చెప్పాలి. మా తాతల నాడు ఒకసారి మునిగిపోయిన మనిషిని ప్రవాహం తెచ్చి తలుపుకి ఆనించింది. మనిషి వచ్చాడనుకుని తలుపు తెరుచుకుంది. తర్వాత జరిగింది ఎవరూ పూర్తిగా చెప్పరు. అప్పటి నుంచీ బయటివాళ్ళు లోపలికి రావాలంటే ఇంట్లోవాళ్ళు ఒకరు తలుపు అద్దంలోంచి చూసి, గుర్తుపట్టి, నోరారా పిలవాలి. పెళ్ళిలో మొదట చేసే పని అదే: పిలిచే మనిషిగా ఒకరి పేరు ఇంకొకరు ఊరికి చెప్పడం. గవర్రాజుని పిలవాల్సింది తాయారు.

తాయారు సెషన్‌కి తాళం పడి ఉంది. గవర్రాజుని వెతికి తెచ్చేదాకా ఆ తాళం ఊడదు. గవర్రాజుని వెతకాలంటే అతని సెషన్ తెరవాలి. తాయారు పిలిచేదాకా అదీ తెరుచుకోదు.

"ఒకరి కోసం ఒకరండి" అన్నారు జోగారావు గారు. "ఊరికి ఇందులో తప్పేం కనపడదు. రెండూ నడుస్తున్న పనులే దానికి."

ఏది ముందు అడిగారో చూశాను. తాయారు మనవి ముందు. గవర్రాజుది ఆ వెంటనే, రెప్పపాటు తేడాతో. అప్పటికి అతని తొడుగులో గాలి ఇంకా చాలా ఉంది.

5

పాత తలుపుకి వెళ్ళాను. అటు ఎవరూ వెళ్ళరు. కొత్త తలుపు కట్టాక ఇది ఊరికే ఉండిపోయింది. ఆ రోజు ప్రవాహం కొత్త తలుపు వైపు విరుచుకుపడింది కాబట్టి అతను చుట్టూ తిరిగి ఇటొచ్చి ఉంటాడు. తెలివైనవాడు. ఎప్పుడూ తొందరపడేవాడు కాదు, అన్నం కూడా నెమ్మదిగా తినేవాడు, నేను వేళాకోళం చేసేదాన్ని.

బయటి తలుపు అద్దం మీద బురద పేరుకుపోయింది. అవతల ఏమీ కనపడలేదు. చెవి ఆనించాను.

టక్కుమంది. కాసేపాగి మళ్ళీ టక్కుమంది. ఇంకాసేపాగి మళ్ళీ.

అమ్మ నా తల్లో! "గవర్రాజూ!" అని అరిచాను. "నేను, రత్నాన్ని! గవర్రాజూ!"

టక్కు. పక్కన పలక మీద "మనవి అందింది" అని అక్షరాలు వెలిగాయి. టక్కు. "మనవి అందింది." పిచ్చిదానిలా తలుపు మీద రెండు చేతులా బాదాను. ఊరు మెత్తగా అంది: "మీరు ఇంటి మనిషి కారు. దయచేసి ఆగండి."

బాది బాది అలిసిపోయి నేల మీద కూలబడ్డాక అర్థమైంది. ఆ చప్పుడు నేను అరిచినా ఆగలేదు, బాదినా మారలేదు. నీళ్ళు కదిలినప్పుడల్లా వస్తోంది. ప్రవాహం ఎగదోసినప్పుడు అతని చెయ్యి వచ్చి తలుపు బయటి మనవి మీటకి తగులుతోంది, దిగినప్పుడు జారిపోతోంది. సెషన్‌ని తాకుతున్నది అదే. మనిషి ఎప్పుడో అయిపోయాడు, చెయ్యి మాత్రం ఇంకా అడుగుతోంది.

అక్కడే కూర్చుని ఏడ్చాను. ఊరిని నోటికొచ్చినట్టు తిట్టాను. దాని తల్లి కడుపు మాడ! ప్రతి తిట్టుకీ "మనవి అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి" అంది.

6

జోగారావు గారూ నేనూ తలుపు మూసుకుని మాట్లాడుకున్నాం. ఆయన దగ్గరున్న తాళంచెవితో ఒక్క తాళం మాత్రమే పగలగొట్టవచ్చు. తాయారుది పగలగొడితే దాని సెషన్ మొత్తం చెరిగిపోతుంది, మేమే ముందుగా ఊడ్చినట్టు. గవర్రాజుది పగలగొడితే అతని మనవి పడిపోతుంది, తాయారు మనవికి దారి దొరుకుతుంది.

"ఆయనదేనండి" అన్నాను.

"ఆయనదే" అన్నారు ఆయనా. "మరి చెల్లెలు గారికి ఏం చెబుతారు?"

"ప్రవాహం తెచ్చి పాత తలుపు దగ్గర పడేసిందని చెబుతాను. నిన్ననో మొన్ననో అని."

"ముందూ వెనకా సంగతి?"

"అది మనిద్దరితోనే పోవాలండి. మీకు దణ్ణం పెడతాను. తను అడగడం వల్లే తలుపు తెరుచుకోలేదని తెలిస్తే అది బతకదు."

ఆయన తల ఊపారు. నా మీద కోపంగా ఉన్నారేమో అనిపించింది. ఉంటే ఉండనీ. అది ఆయన చెల్లెలు కాదు, నాది.

7

ఊడ్పుకి ఇంకా సమయం ఉండగానే పని ముగించేశాం. జోగారావు గారు వరసగదిలో తాళం పగలగొట్టే సమయానికి నేను తాయారు పక్కన కూర్చుని ఉండాలని అనుకున్నాం.

మొదట ఊరి మాట వచ్చింది. "మీ మనవి పూర్తయింది. దొరికారు. పాత తలుపు దగ్గర ఉన్నారు. తలుపుగదిలోకి తీసుకువచ్చాను. మీరు రావాలి."

ఆ మాటతో దాని తాళం ఊడిపోయింది. వెనక ఆగినవన్నీ ఒక్కసారిగా కదిలాయి. గదిలో దీపం వెలిగింది, ఆరింది, వెలిగింది, ఆరింది. ఇన్నాళ్ళూ తాయారు అడిగినన్నిసార్లూ. కుళాయి పారి, ఆగి, మళ్ళీ పారింది. మంచం ఎత్తు పెరిగింది, తగ్గింది. ఎప్పుడో అడిగిన పాట సగం నుంచి మొదలై ఆగిపోయింది. బయట బళ్ళన్నీ దీపాలు ఆర్పేసి ఒకదాని వెనక ఒకటి వెళ్ళిపోయాయి. అన్నీ అయ్యాక చిట్టచివర, "రద్దు చేయడానికి ఏ పనీ లేదు" అంది ఊరు.

తాయారు ఇవేవీ వినలేదు. "పాత తలుపు" అన్న మాట దగ్గరే చెప్పుల్లేకుండా పరుగెత్తింది. దాని ముందు తలుపులన్నీ టపటపా తెరుచుకున్నాయి. దాన్ని అందుకోవడానికి నా ప్రాణం పోయినంత పనైంది.

మేం వెళ్ళేసరికి, బయటి తలుపుకీ లోపలి తలుపుకీ మధ్య ఉన్న తలుపుగదిలోంచి నీళ్ళు తోడుతోంది పంపు. లోపలి తలుపు అద్దం శుభ్రంగా ఉంది. అవతల నీటి మట్టం దిగుతోంది. ముందు తొడుగు పైభాగం కనపడింది. తర్వాత భుజాలు. గోడకి ఆనుకుని కూర్చున్నట్టున్నాడు. మొహం దగ్గరి గాజు లోపలి నుంచి తెల్లగా మసకబారి ఉంది.

తాయారు అరవలేదు. అద్దానికి నుదురు ఆనించి నిలబడింది. "ఎప్పుడొచ్చారక్కా ఇక్కడికి?" అంది.

"నిన్నటి పోటుకి కొట్టుకొచ్చి ఉంటాడే" అన్నాను. ఈ మాట నాలో నేను ఎన్నిసార్లు చెప్పి చూసుకున్నానో! తడబడకుండానే అన్నాను.

అది నా వంక చూడలేదు. అద్దం వంకే చూస్తూ, మామూలుగా అడిగినట్టే, ఊరిని అడిగింది. "మా ఆయన తలుపు దగ్గరికి ఎప్పుడొచ్చారు?"

ఇది నాకు తట్టలేదు. మనుషుల నోళ్ళు మూయించే ఆలోచనలో పడి ఊరి సంగతే మరిచిపోయాను. దాని సెషన్‌కి ఇప్పుడు తాళం లేదు. అడిగింది చూపు మనవి. దానికి ఆగడం ఉండదు.

"మీరు వెతకమన్న మరుక్షణం వచ్చారు" అంది ఊరు. "మీ పిలుపు కోసం ఆగారు."

పంపు చప్పుడు ఆగిపోయింది. తాయారు చేతులు అద్దం మీంచి కిందికి జారాయి.

"నేను ఇంట్లోనే ఉన్నాను కదక్కా" అంది.

నేను దగ్గరికి వెళ్ళి పట్టుకోబోయాను. నా చెయ్యి తోసేసింది.

"నీకు తెలుసు."

"తెలుసే."

"ఎప్పట్నుంచి?"

చెప్పాను. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. అది విని తల ఊపింది, అంతే. తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. అవేవీ చేయలేదు.

"నీళ్ళు తోడడం అయింది" అంది ఊరు. "తలుపు తీయాలంటే ఇంటి మనిషి చూసి పిలవాలి. పిలుస్తారా?"

తాయారు కదల్లేదు. నేను ఊరితో, "నేను పిలుస్తాను, దాన్ని వదిలెయ్" అన్నాను. "మీరు ఇంటి మనిషి కారు" అంది. కాసేపాగి, అదే గొంతుతో, అదే మర్యాదతో, "పిలుస్తారా?" అని మళ్ళీ అడిగింది. ఎంతసేపైనా ఆగుతుంది అది. దానికి విసుగు రాదు.

చివరికి తాయారు పమిటతో మొహం తుడుచుకుంది. చెదిరిన జుట్టు చెవుల వెనక్కి సర్దుకుంది. అద్దంలోకి వంగి, నియమం ప్రకారం, అతని మొహం కేసి చూసింది.

"రండి" అంది. గొంతు పెగల్లేదు. మళ్ళీ గట్టిగా, వాకిట్లో నిలబడి పిలిచినట్టు అంది: "రండి. బాగా ఆలస్యమైపోయింది. లోపలికి రండి."

తలుపు తెరుచుకుంది.